గుండ్రంగా వేసిన వేలిముద్రలు

మార్కాపురం, 1932

మోషే అన్నకు,

నా దస్తూరి మరీ అందంగా ఉన్నందుకు ఈ బి.ఏ. పట్టభద్రుడు సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాడు.

పలకల ధర పడిపోయిందని యజమాని కూలి సగం కోసినప్పుడు, గనివాళ్లంతా నా చేత అర్జీ రాయించినారు. మొదటివాడెవడో తెలియకూడదని వేలిముద్రలు గుండ్రంగా వేసినారు. అయినా యజమాని నిన్నొక్కణ్ణే తీసేసినాడు. నీతో పదేళ్లు రాయి చీల్చిన రంగయ్యే నీ పేరు చెప్పినాడనుకుని, అతనితో మాటైనా ఆడకుండా కంభం పోయినావు.

నిన్న రంగయ్య, "ఏందబ్బయా, మోషే జాబు రాసినాడా?" అని అడిగినాడు.

అతడు యజమానికేమీ చెప్పలేదన్నా. అర్జీ పద్ధతిగా ఉండాలని, అంకెలు వేసి పేర్లన్నీ వరుసగా మళ్లీ రాసిచ్చింది నేను. మొదట గుర్తొచ్చింది నీ పేరే.