వాగు రొయ్యలు గట్టెక్కని ఆదివారం

స్పైస్‌వుడ్ వాగు, కెంటకీ
మంగళవారం పొద్దున

చిరంజీవి కొరీన్‌ను దగ్గరకు తీసుకుని అమ్మ రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ, నీ తమ్ముడి కుక్కా క్షేమం. ఇన్నాళ్ళూ ఈ వాక్యంలో కుక్క ఉన్నచోట నీ తమ్ముడు ఉండేవాడు. అక్కడ సిన్సినాటిలో నువ్వూ, నీ బడి పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

ఫోన్ చెయ్యకుండా ఈ కాగితాలేమిటి అంటావేమో. ఫోనులో అయితే నువ్వు అరుస్తావు, నేను ఏడుస్తాను, చెప్పాల్సింది మధ్యలోనే ఉండిపోతుంది. ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే చూసీ చూడనట్టు పో. ఎర్ర సిరా మాత్రం తియ్యకు టీచరమ్మా.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు చెబుతాను. తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. చర్చి వాళ్ళు తెచ్చి పెట్టినవి ఇంకా ఉన్నాయి. ఏ గిన్నె ఎవరిదో తెలియక తిరిగి ఇవ్వలేకపోతున్నాను. అడుగుదామని వెళితే ఆ ఇంట్లో మళ్ళీ కూర్చోబెట్టి ఇంకో గిన్నె చేతిలో పెడుతున్నారు. కుక్క సంగతి అడిగావు. అది నీ తమ్ముడు వెల్డన్ బూట్ల పక్కనే పడుకుంటోంది. బూట్లు జరపలేదు నేను.

వాకిట్లో మన ప్రతినిధి ఎన్నికల బోర్డు ఇంకా ఉందా అని అడిగావు. లేదు. వరద తీసుకుపోయిందనుకునేవు, వరద మన వాకిటి దాకా రాలేదు. నేనే పీకి కట్టెల కొట్టంలో బోర్లా పడేశాను.

ఆ బోర్డు తీసేశానని ఊళ్ళో తెలిసిన మర్నాడే మీ పార్టీ తరఫున ఒకమ్మాయి వచ్చింది. మంచి పిల్లే, మొక్కజొన్న రొట్టె పెడితే కాదనకుండా తింది. "అమ్మా, మీరు మా వేదిక మీదకొచ్చి ఒక్క మాట చెప్పండి చాలు. ఖర్చులు కోసినందుకు నా కొడుకు పోయాడు అనండి" అంది. ఆ సాయంత్రమే మన ప్రతినిధి ఆఫీసు నుంచి ఫోను. "ఒలీటమ్మగారూ, వెల్డన్ మన వీరుడండీ. ఆయన పేరు మీద సార్ వాషింగ్టన్‌లో మాట్లాడతారట. ఫైర్ యూనిఫారంలో ఫోటో ఏదైనా ఉంటే పంపుతారా?" అన్నాడు ఆ కుర్రాడు. ఆ ఫోటో ఒక్కటే ఉంది, అది మా అమ్మాయి తీసుకెళ్ళిందని చెప్పాను. అమ్మాయి ఫోన్ నంబరు ఇమ్మన్నాడు. ఇస్తే నీ నోటికి బలైపోతాడని ఇవ్వలేదు.

తమ్ముడికి ముందుగా ఎందుకు తెలియలేదు, ఫైర్ స్టేషన్‌లో గంట ఎందుకు మోగలేదు అని రెండుసార్లు రాశావు. అంత్యక్రియల రోజు కూడా అడిగావు. అప్పుడు నేను పక్కకు తిరిగి ఎవరితోనో మాట్లాడాను. గంట మోగలేదు ఎందుకంటే గంటకు చెప్పేది లేదు. వాగు ఎగువన పై వంతెన దగ్గర నీళ్ళ మట్టం కొలిచే యంత్రం ఉండేది చూడు, ఆకుపచ్చ పెట్టె. నీళ్ళు హద్దు దాటితే అదే ఇక్కడ గంట కొట్టించేది. ఖర్చులు తగ్గించినప్పుడు దాన్ని ఆపేశారు. పెట్టె అక్కడే ఉంది, మీద గోనె సంచి కట్టి.

దేశం చెయ్యగల అప్పుకు హద్దు పెంచాలా వద్దా అని వాషింగ్టన్‌లో రెండు పార్టీలూ జుట్లు పట్టుకున్న రోజులు నీకు గుర్తే. ఆ గొడవ మన ఈస్టర్ భోజనం మీద కూడా పడింది కదా. "అమ్మా, వాళ్ళు కోసేది అంకెల్ని కాదు, మనుషుల్ని" అని నువ్వు. "ఈ ఇంటి గడపలోకి అప్పన్నది రానివ్వలేదు నేను. ప్రభుత్వానికేం రోగం?" అని నేను. వెల్డన్ మాత్రం "ముందు ఆ వెన్న ఇటు తోసి తర్వాత కొట్టుకోండి" అన్నాడు. నువ్వు నేను చేసిన తీపి పై తినకుండానే కారెక్కావు. ఆ తర్వాత గడువు ముంచుకొచ్చిందాకా లాగి వాళ్ళు ఒప్పందం చేసుకున్నారు. మీ వాళ్ళు గెలిచామన్నారు, మా వాళ్ళూ గెలిచామన్నారు. ఆ కోతల్లో మన పెట్టె ఒకటి. దాని పేరు ఎవరూ టీవీలో చెప్పలేదు.

వరద వచ్చిన ఆ ఆదివారం సంగతి నీకు సగమే చెప్పాను. ఎండ బాగా కాస్తోంది కొరీన్. మన వైపు ఒక్క చినుకు లేదు. చర్చి అయ్యాక షెడ్డు కింద అందరం భోజనాలకు కూర్చున్నాం. పై కొండల్లో కుంభవృష్టి అని ఫైర్ చీఫ్ బర్ల్‌కు ఎవరో ఫోన్ చేశారు. వెల్డన్ అది విని నా వైపు తిరిగి కన్ను గీటాడు.

"అమ్మా, నీ రొయ్యలేమంటున్నాయి?"

"కూర్చుని తీపి పై తినమంటున్నాయి" అన్నాను.

"అలాగా. ఒక్కసారి వాటినే అడిగొస్తా" అన్నాడు. పళ్ళెం అలాగే బల్ల మీద పెట్టి వాగు మలుపులో ట్రెయిలర్ ఇళ్ళలో ఉండేవాళ్ళను లేపడానికి వెళ్ళాడు. అందరినీ గట్టు మీదికి ఎక్కించాడు. ఒక ముసలాయన మందుల సంచీ మరిచిపోయానంటే దానికోసం మళ్ళీ దిగాడు. అప్పుడొచ్చాయి నీళ్ళు. ఎండలోనే వచ్చాయి. నేను షెడ్డు కింద వాడి పైలో ఫోర్కు నిలబడి ఉండడం చూస్తూ, ఈగలు వాలకుండా చెయ్యి ఊపుతూ కూర్చున్నాను.

ఇప్పుడు నీ ఆఖరి ప్రశ్న. దీనికోసమే పొద్దున్నుంచి పొయ్యి కూడా వెలిగించలేదు.

సభలో మన ప్రతినిధి మాట్లాడింది వరద తర్వాత టీవీలో మళ్ళీ చూపించారని రాశావు. "మా కొండల్లో ఒక పెద్దావిడ నాతో అంది, వరద సంగతి మాకు వాగు రొయ్యలు చెబుతాయి, యంత్రాలు మాకొద్దు అని" అన్నాడట, సభంతా నవ్విందట. ఎవరమ్మా ఆవిడ, నీకు తెలిసే ఉంటుంది అని అడిగావు. ఆవిడ ఇల్లు తెలిస్తే తమ్ముడి ఫోటో పట్టుకెళ్ళి ఆ గుమ్మంలో కూర్చుంటానన్నావు.

నేనే కొరీన్.

ఏప్రిల్‌లో ఫైర్ స్టేషన్‌లో సమావేశం పెట్టి, ఏవి ఉంచాలి ఏవి తీసెయ్యాలి మీరే చెప్పండి అన్నాడాయన. ముందు లేచింది నీ తమ్ముడే. ఫైర్ వాలంటీర్ల పసుపు కోటు వేసుకుని, టోపీ చేత్తో నలుపుతూ, "సార్, ఏం తీసేసినా పై వంతెన యంత్రం మాత్రం ఉంచండి. అది చెబితేనే మేం కదిలేది" అన్నాడు. వాడు అంతమందిలో మాట్లాడడం అదే మొదలు. వాడు కూర్చోకముందే నేను లేచాను. "మా అమ్మ వాగు రొయ్యలు గట్టెక్కడం చూసి వరద చెప్పేది. వాటికి జీతం లేదు, కరెంటు లేదు. వాటిని ఉంచుకుని యంత్రాన్ని పట్టుకుపోండి" అన్నాను. జనం బల్లలు చరిచారు. "అయిపోయావురా వెల్డన్, మీ అమ్మ ఓటు కూడా నీకు పడలేదు!" అని బర్ల్ అరిచాడు. వెల్డన్ చెవులదాకా ఎర్రబడి, నవ్వుతూ కూర్చున్నాడు. బయటికి వచ్చేటప్పుడు ప్రతినిధి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ రాత్రి గొప్పగా నిద్రపోయాను.

అది నవ్వుల కోసం అన్నానని ఊళ్ళో అనుకుంటారు. నేనూ అలాగే అనుకోవాలని చూశాను. కానీ అసలు సంగతి వేరు. ఆరోజు నా పక్క కుర్చీలో ప్రతినిధి మనిషి ఒకడు కూర్చున్నాడు. "ఇలాంటి చిన్నచిన్నవి తీసెయ్యకపోతే చివరికి పింఛన్ల మీద చెయ్యి పడుతుందమ్మా" అని నా చెవిలో అన్నాడు. నా పింఛను చెక్కు గుర్తొచ్చింది. ఆ నెల చెక్కు వస్తుందో రాదో అని టీవీ వాళ్ళు అప్పటికే హడలగొడుతున్నారు. భయం వేసి లేచాను. ఇంటికి వచ్చేటప్పుడు ట్రక్కులో నీ తమ్ముడు, "నిజంగా అన్నావా అమ్మా, నవ్వించడానికా?" అని అడిగాడు. "రెండూ" అన్నాను. చెక్కు సంగతి వాడికి చెప్పలేదు. చెప్పి ఉంటే వాడు నవ్వేసి, నా జీతంలో సగం తీసుకో అనేవాడు. ఆ తర్వాత ఎప్పుడు మబ్బు పట్టినా రొయ్యలేమంటున్నాయని అడిగేవాడు. ఒక్కసారి కూడా కోపంగా అడగలేదు.

మా అమ్మ అబద్ధం చెప్పలేదు. మన కొండ మీద వాన పడితే రొయ్యలు గట్టెక్కుతాయి. ఎక్కడో పడ్డ వాన సంగతి వాటికేం తెలుస్తుంది? ఆమాత్రం నాకు తోచలేదు. వెల్డన్‌కు తోచింది. అందుకే అడిగాడు ఆ పెట్టెను ఉంచమని.

ఇక్కడ అందరికీ తెలుసు. అంత్యక్రియల్లో ఒక్కరు నీతో అనలేదు. నా మీద జాలితో దాచారు. ఆ జాలి నాకు వద్దు అనాలని ఉంది, అనలేకపోతున్నాను.

గురువారం సాయంత్రం ప్రతినిధి మళ్ళీ అదే ఫైర్ స్టేషన్‌కు వస్తున్నాడు. మీ పార్టీ అమ్మాయి కూడా కెమెరా వాళ్ళతో వస్తుందట. ఇద్దరి తరఫునా మాట్లాడనన్నాను. నేను వెనక వరుసలోంచి లేచి నాలుగు ముక్కలు చెబుతాను. ఆ పెద్దావిడ నేనేనని, అది తెలివితో కాదు చెక్కు భయంతో అన్నానని, నా మాట ఇంకెక్కడా వాడొద్దని, నా కొడుకు అడిగింది ఇవ్వమని. అందరూ నవ్వినచోటే చెప్పాలి.

నువ్వు రావాలని అడగడం లేదు. అడిగే ముఖం లేదు. నన్ను చూడబుద్ధి కాకపోతే అదీ న్యాయమే. కానీ నువ్వే రాశావు, ఆవిడ ఇల్లు తెలిస్తే వెళ్ళి కూర్చుంటానని. ఆ గుమ్మం నీకు తెలిసిందే తల్లీ. రెండో మెట్టు ఇప్పటికీ కదులుతుంది, చూసుకుని ఎక్కు. తమ్ముడి ఫోటో తెచ్చుకో. ఎంతసేపు కూర్చుంటావో కూర్చో. నేను లోపలినుంచి పలకరించను. తలుపు మాత్రం తీసే ఉంచుతాను.

ఇట్లు,
ఆ మాట అన్న ఆవిడ,
నీ అమ్మ,
ఒలీటా