అనాస వైను, మన మోకు

బిడ్డా శేఖరూ,

బాగున్నవా అని మొదలువెట్టుడు నాకు అలవాటు. ఇప్పుడు ఎట్ల అడగాలె? నువ్వు పోయి ఈ నెలతోని అయిదేండ్లు నిండినయి. నేనిప్పుడు నువ్వు కష్టం చేసిన సింగపూర్లనే ఉన్న. బూన్ లే అనే కాడ నీ చెల్లె లావణ్య ఉండే ఫ్లాటుల, తొమ్మిదో అంతస్తుల కూసోని రాస్తున్న. నాది ఏడో తరగతి చదువే, తప్పులుంటే నవ్వకు.

ముందు సంతోషం చెప్త. తర్వాత ఇంకోటుంది… ఈ కాయితం దానికోసమే.

మన లావణ్య ఎంత పెద్దదైందో రా! పండ్లు ఎట్ల పులుస్తయో అదే పెద్ద చదువు చదివింది గదా. ఇప్పుడు ఊరవతల తోటల నడుమ ఒక వైను చేసే కాడ కొలువు. అనాసపండ్లతోని వైను. కల్లు గీసెటోని బిడ్డ, దేశదేశాలోల్లను ముందట నిలవెట్టి పులుసుడు గురించి ఇంగ్లీషుల చెప్తుంటే… ఎల్లమ్మ సాక్షిగ చెప్తున్న, నా పాణం గాలిల తేలింది. అది నా బిడ్డ అని పక్కనున్నోల్లందరికీ తెలుగులనే చెప్పిన. వాళ్ళకు సమజైందో లేదో, అందరు నవ్విండ్రు.

"చెల్లెను చదివిస్త బాపూ, చెట్టెక్కే ఈ మోకు నాతోనే ఆఖరు" అన్నవు నువ్వు. చదివిచ్చినవు. ఆఖరు గూడ చేసినవు…

మొన్న ఆదివారం లావణ్య నన్ను ఆ వైను చేసే కాడికి బస్సుల తీస్కపోయింది. తోవపొడుగున గోరీలే. బస్సుల అందరు ఫోన్లు చూసుకుంటున్నరు, నేనొక్కన్నే కిటికీల నుంచి గోరీలు చూసిన. నిన్ను కాలవెట్టినం. పోయి కూసుందామంటే నీకు ఒక్క రాయి గూడ లేదు.

అక్కడ పిల్లలకు సెలవులు, పైంగ క్రిస్మస్. బస్సు మీద బస్సు దిగుతున్నరు. జాతరే అనుకో, దేవుడొక్కడే తక్కువ. ఇల్లంత ఎత్తు స్టీలు డ్రమ్ములు నిలవెట్టిండ్రు. ఒకదానికి చెవి ఆనిచ్చిన. లోపల గుసగుస, అచ్చం మన కల్లు లొట్టి లెక్కనే! నువ్వు చిన్నప్పుడు లొట్టికి చెవి వెట్టి "బాపూ, లోపల ఎవరో మాట్లాడుతున్నరు" అనేటోడివి… యాదికుందా?

లావణ్య ఒక బల్ల కాడ నాలుగు కుర్చీల మీద నాలుగు టిష్యూ పొట్లాలు పెట్టింది. ఇక్కడ దాన్ని చోప్ అంటరు, పొట్లం ఉంటే మనిషి వస్తడని లెక్క. ఒకటి నాకు, ఒకటి దానికి, ఒకటి యాదగిరికి. నాలుగోది ఎవరికని నేను అడగలే, అది చెప్పలే. అంత రద్దీల గూడ ఆ కుర్చీ ఎవ్వరూ ముట్టలే.

యాదగిరి అంటే నీ రూముల ఉన్న మన యాదగిరే. నువ్వు పడ్డ రోజు నీతోని అదే పరంజి మీద ఉన్నోడు. ఇంకా సెంబవాంగ్ దిక్కు ఓడల పనిలనే ఉన్నడు. చెల్లె పిలిస్తే మిఠాయి పట్టుకొని వచ్చిండు. నన్ను చూసి కాళ్ళకు మొక్కిండు గని, మొకంల మొకం పెట్టి చూడలే.

నాకు ఒక్కటే తెలుసుకోవాలె ఉండె. నువ్వు నడుము బెల్టు కొక్కెం తగిలిచ్చుకోలేదని కంపెనీ కాయితంల రాసిండ్రు. అది అబద్ధమని నేను ఊరంత చెప్పిన. గీతకాని కొడుకు తాడు లేకుంట ఎత్తు మీద నిలవడతడా అని పంచాయితి కాడ అరిచిన. అయిదేండ్లు ఆ మాట మీదనే బతికిన, బిడ్డా.

లావణ్య వైను పోసే కాడికి పోయింది. గప్పుడు మా నెత్తి మీద దూలానికి ఒకాయన నక్షత్రాల దీపాలు కడుతున్నడు. నడుముకు బెల్టు, బెల్టుకు తాడు. కొక్కెం తగిలిచ్చిండు, రెండుసార్లు గుంజిండు, ఆ తర్వాతనే వెనుకకు ఒరిగిండు. నా కొడుకుకు గూడ గీ బెల్టేనా అని అడిగిన.

యాదగిరి చేతిల నీళ్ళ గ్లాసు కింద పెట్టిండు. తర్వాత చెప్పిండు.

బెల్టు ఉండె. ఒక కంబం దాటనీకె కొక్కెం ఇప్పినవు, అదైతే అందరు చేసేదే. అవతల మళ్ళ తగిలిచ్చాలె. అంతల రంగు డబ్బా పైకొచ్చింది, దాన్ని అందుకోనీకె రెండు చేతులు గావాలె. తగిలిచ్చినవనే అనుకున్నవట. వెనుకకు ఒరిగినవు. నువ్వు ఎప్పుడు ఒరిగినా వీళ్ళంత గీతకాడొచ్చిండు, లొట్టి తియ్యిండ్రి అని నవ్వెటోల్లట. ఆ రోజు గూడ నవ్విండ్రట. నువ్వు గూడ నవ్వి అన్న మాట యాదగిరి నాకు అప్పజెప్పిండు.

"మా బాపు చెప్పిండు రా, ఒరిగితేనే చేతులు ఖాళీ అయితయి."

గంతే. గదే ఆఖరు మాట.

చుట్టు అందరు గ్లాసులు తాకిచ్చుకుంటున్నరు. ఫొటోలు దిగుతున్నరు…

కాయితం అబద్ధం గాదు, శేఖరూ. కాయితానికి నేను తెల్వదు, అంతే.

మొదటిసారి నిన్ను తాడిచెట్టు ఎక్కిచ్చిన రోజు నువ్వు చెట్టును వాటేసుకొని వదలలే. కింది నుంచి నేనే మొత్తుకున్న, చెట్టును పట్టుకుంటే కత్తి ఎవడు పడతడు, మోకు మీద ఒరుగు అని. ఒరిగినవు. ఎంత సక్కగ ఒరిగినవో… ఊరందరు మెచ్చుకున్నరు. మన మోకు కింద కడితే మళ్ళ కింద దిగినంకనే ఇప్పుతం. నడుమ చూసుకునే పనే లేదు. నమ్ముడు నీ నడుముకు నేర్పిన. చూసుకునుడు నేర్పలే. నాకెవరు నేర్పిండ్రు గనుక?

యాదగిరి ఒకసారి సెలవుల మన ఊరి దాక వచ్చిండట. బస్టాండు హోటల్ల నేను చాయ తాగుతుంటే చూసి, అదే బస్సుల మళ్ళిపోయిండట. వాన్ని ఏమనాలె? తిను బిడ్డా అని మిఠాయి పొట్లం ఇప్పి వాని ముందటనే పెట్టిన.

గప్పుడే లావణ్య వచ్చింది, తను చేసిన వైను మొదటి గ్లాసు నాకని. దాని మొకంల ఆ వెలుగు… చెప్పాల్నా బిడ్డా దానికి? నువ్వుంటే ఏమనేటోడివి? నేనైతే చెప్పలే.

పక్కన కుండీల అనాస మొక్క ఉండె. మొదటి చుక్క మన గీతకాండ్ల దేవుడు కాటమయ్య పేరు మీద దాని మొదట్ల పోసిన. రెండో చుక్క నీ పేరు మీద. బల్లలు తుడిచే చైనా ముసలామె చూసింది. తిడుతదేమో అనుకున్న. బట్ట పక్కకు పెట్టి, తల వంచి నిలవడ్డది. వాళ్ళు గూడ పోయినోల్లకు పోస్తరట.

తర్వాత తాగిన. జర ఎక్కువ పులిసింది, ఒక్క రోజు ముందుగాల దించాల్సి ఉండె అన్న. లావణ్య పకపక నవ్వి నన్ను గట్టిగ పట్టుకుంది. తను గూడ వాళ్ళ సారుకు అదే చెప్పిందట! గంత గోసల గూడ సంతోషమైంది, నేను గూడ నవ్విన. తప్పా బిడ్డా ఇది? రెండు ఒక్కపారే ఎట్ల వస్తయి?

శుక్రారం ఊరికి పోత. నీ మోకు అటక మీదనే ఉన్నది, అయిదేండ్ల సంది ముట్టలే. పోంగనే దించుత. సింగపూరనీ దుబాయనీ పోయే మన పిలగాండ్లను మన తాడిచెట్టు కిందికి పిలిచి, ఒక్కొక్కని నడుముకు కడత. ఒరిగే ముందు గుంజి చూడు, రెండుసార్లు గుంజి చూడు అని నోట చెప్పిచ్చి, చేతులతోని చేపిచ్చి పంపుత. నా కండ్లల్ల జీవమున్నన్ని రోజులు.

నీకు ఆనాడే చెప్పాల్సిన మాట అది.

నీ బాపు