ఆదివారం పొద్దుట మైదానం ఎవరిది

మంగళవారం,
వాన వెలిసిన సాయంత్రం

గౌరవనీయులైన అల్లుడుగారికి అని రాసి కొట్టేశాను. మాజీ అల్లుడుగారికి అంటే పదవి ఊడిన మంత్రికి రాసినట్టుంది. అంచేత వరస లేకుండానే మీకు నమస్కారాలు. ఇక్కడ మేం క్షేమం. మీరూ క్షేమమేనని వింటున్నాను.

పని ఉండి రాస్తున్నాను. ఇకమీదట ఆదివారం పొద్దుట డిస్క్ గోల్ఫ్ మైదానానికి మీరు రావద్దు. శనివారం వెళ్ళండి, ఇంకెప్పుడైనా వెళ్ళండి. ఆ ఒక్క పూట నాకు వదిలెయ్యండి. ఇది నా మాట కాదు, అమ్మాయి మాట. విడాకులయ్యాక కూడా నువ్వూ ఆయనా ఒకేచోట తిరుగుతుంటే నలుగురూ నవ్వరా నాన్నా అంటోంది.

అసలు నన్ను ఆ ఆటలోకి ఈడ్చింది మీరే. పెళ్ళైన కొత్తలో, మనిద్దరికీ మాట్లాడుకోవడానికి ఎండావానా తప్ప ఏమీ దొరక్క, అక్కడికి తీసుకెళ్ళారు. గొలుసులు వేలాడే ఇనపబుట్టలోకి ప్లాస్టిక్ పళ్ళెం విసరడాన్ని గోల్ఫ్ అంటారేమిటని అడిగితే, కర్రలు మోయలేని బద్ధకస్థులు కనిపెట్టి ఉంటారు అన్నారు. చరిత్ర అది కాదని తర్వాత చదివాను. బైండింగుకు వచ్చిన ప్రతి పుస్తకం చదివాకే కుట్టేవాణ్ణి కదా. మా షాపులో పుస్తకం ఆలస్యమైందంటే అది బాగుందని అర్థం.

గేటు దగ్గర కొత్తవాళ్ళకు అనువైన మైదానం అని బోర్డు. అంత అనువుగా ఉండాలనే కాబోలు, చెరువు మీదుగా మూడుచోట్ల విసరమన్నారు. ఆ బోర్డు రాసినవాడే శుభలేఖలూ రాస్తాడేమో.

నీళ్ళు అడ్డొచ్చిన ప్రతిసారీ నేను సంచిలోంచి గీతలుపడ్డ డిస్కు తీసేవాణ్ణి, పోతే పోయిందని. పోతుందని ముందే ఒప్పేసుకుని విసిరితే అది పోక ఏం చేస్తుందండీ, మంచిది తియ్యండి అన్నారు మీరు. ఎర్రది తీశాను. నిక్షేపంగా మునిగింది. ఇంటికెళ్ళేదాకా మిమ్మల్ని సాధించాను. అల్లుడి మీద కోపగించుకోవడానికి అంత మంచి సాకు నాకు మళ్ళీ దొరకలేదు. మీరు విడిపోయినప్పుడు కూడా.

ఏం చెడిందో ఇద్దరూ చెప్పలేదు. తండ్రిని కాబట్టి తప్పు మీదే అనుకోవాలి, అనుకున్నాను. శనివారం దాకా అనుకుని, ఆదివారం మైదానంలో ఆపేసి, సోమవారం మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. ఎవరి దారిన వాళ్ళం వచ్చి, అనుకోకుండా కలిసినట్టు నటిస్తూ ఏడాది ఆడాం. ఆట అయ్యాక వచ్చేవారం అన్న మాట ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు.

ఆ తర్వాత మీరు మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. సంతోషం. నేను మైదానానికి రావడం మానేశాను. ఇప్పుడు కొత్త మామగారిని వెంటబెట్టుకొస్తున్నారట. మైదానంలో గడ్డి కోసే ఆయన బజార్లో కనబడి చెప్పాడు, మీ అల్లుడుగారు ఇంకో పెద్దాయన్ని తెస్తున్నారండీ, అచ్చం మీలాగే విసురుతున్నాడు అని. అది పొగడ్త కాదని మీకూ తెలుసు. వినడమే గాని నేను చూడలేదు, చూడాలని కూడా లేదు.

ఆయనకు శనివారం నేర్పండి. మా ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు చెప్పుల స్టాండుతో సహా అన్నీ సర్దుకుని వెళ్ళారు. ఈ ఒక్క పూట వదిలెయ్యలేరా? అమ్మాయి మనసు కష్టపెట్టకండి.

ఇట్లు,
పుస్తకాలు కుట్టే మనిషి

తా.క. అమ్మాయి ఏమీ అనలేదు. విడిపోయింది నేను, నువ్వెందుకు మానుకున్నావు, వెళ్ళి ఆడుకో నాన్నా అని మొన్న ఆదివారం తనే పంపించింది. వచ్చాను. చెరువు దగ్గర మీరిద్దరూ కనబడితే పొద వెనక ఆగిపోయాను. ఆయన డిస్కు గట్టు కింద బురదలో పడింది. తీసుకుని పైకెక్కలేక నిలబడ్డారు. మీరు వంగి, జారుతుంది మామయ్యా, చెయ్యివ్వండి అన్నారు.

పొద వెనక నేను చెయ్యి చాచాను.