మోకాళ్ళ కోసం దిగిన ట్రక్కు

క్వేకర్స్ హిల్,
మార్చి 3

చెల్లెలి కొడుకు మెల్విన్‌కి ప్రభువు పేరట శుభములు.

ఫోన్లో అన్నిటికీ "యా, యా" అంటావు. అందుకే ఉత్తరం.

నీ ట్రక్కు ఫొటో చూశాను. నేలకి జానెడు ఎత్తుకి దించావు. క్రిస్మస్‌కి నన్ను అందులోకి ఎక్కించడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. అది గుర్తుపెట్టుకున్నావు. ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాను: "చదువుకునే పిల్లాడు, నా మోకాళ్ళ కోసం బండి దించాడు" అని.

ఈస్టర్ కూటాలకి మీ కాన్‌బెర్రా వస్తున్నాను. బస్సు దగ్గరికి ఆ ట్రక్కే తీసుకురా.

ప్రార్థనలో,
కస్తూరి పెద్దమ్మ

తా.క. మా చర్చి రత్నకుమారి అది విని కళ్ళు తుడుచుకుంది. వాళ్ళబ్బాయి బండి ఇంకా ఎత్తుగానే ఉందట.


గంగాలిన్,
మార్చి 9

పెద్దమ్మకి వందనాలు.

ప్లీజ్, ట్రక్కు వద్దు. నేను రోజూ యూనివర్సిటీకి అందులోనే వెళ్తాను కాబట్టి చెప్తున్నా. దించాక, టైరు చీమని తొక్కినా నడుముకి తెలుస్తోంది. నిన్న మధ్యాహ్నం స్పీడ్ హంప్ మీద తల రూఫ్‌కి తగిలింది, కాఫీ మొత్తం షర్ట్ మీదే. బస్సు దిగాక మీకు లైట్ రైల్ ట్రామ్ బెస్ట్. సూపర్ స్మూత్.

మీ మెల్విన్

తా.క. ఆ సాక్ష్యం మమ్మీ దాకా వెళ్ళిందా?


క్వేకర్స్ హిల్,
మార్చి 15

బాబూ మెల్విన్,

మీ మమ్మీ నా పక్కనే కూర్చుని వింది. అప్పటినుంచి తల దించలేదు.

నీ నడుము పోతున్నా నా మోకాళ్ళే చూశావు. పైగా చెప్పుకోవు. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియనివ్వవు. రత్నకుమారి కూడా వస్తానంటోంది. నడుము నొప్పి మనిషి. నెమ్మదిగా నడుపు.

దీవెనలతో,
పెద్దమ్మ

తా.క. గోంగూర సీసా తెస్తున్నాం. మూత గట్టిగానే బిగించాను.


గంగాలిన్,
ఏప్రిల్ 8

పెద్దమ్మకి వందనాలు.

ఈస్టర్‌కి మీరొచ్చినప్పుడు ఎదురుగా చెప్పలేకపోయాను. ట్రక్కు మీ మోకాళ్ళ కోసం దించలేదు. ఫ్రెండ్స్ ట్రక్కులన్నీ కిందికి ఉన్నాయని, స్టైల్ కోసం స్ప్రింగులు కోయించాను. ప్రతి హంప్‌కీ ముందు సీట్లో మీరు "స్తోత్రం", వెనక సీట్లో రత్నకుమారి ఆంటీ "ఓరి నాయనో" అంటుంటే నాకు ఏడుపొచ్చింది. సాక్ష్యం దిద్దేయండి. కొత్త స్ప్రింగులు ఆర్డర్ చేశాను. బండి పైకి లేపి, మీరు ఎక్కడానికి పక్కన మెట్టు వేయిస్తాను.

సారీతో,
మెల్విన్

తా.క. గోంగూర రూఫ్ నుంచి ఇంకా వదల్లేదు.


క్వేకర్స్ హిల్,
ఏప్రిల్ 14

నా మెల్విన్‌కి,

మీ తాతయ్య లారీ షెడ్డులో పెరిగినదాన్ని. ఫొటోలో టైరు మడ్‌గార్డులోకి దూరి ఉంది. మోకాళ్ళ కోసం ఎవరూ అంత దించరు. అప్పుడే తెలుసు. నీ మీద నమ్మకంతో సాక్ష్యం కాస్త ముందుగా చెప్పాను.

ప్రతి హంప్ ముందూ ఆగి నా భుజం పట్టుకున్నావు. దిగేటప్పుడు చెయ్యిచ్చావు. ఇప్పుడు మెట్టు అంటున్నావు. ఇంక దిద్దడానికేముంది? అడక్కుండానే నిజం ఒప్పుకున్నావని నిన్న చర్చిలో ఆ సాక్ష్యానికి కలిపాను. మీ మమ్మీ మెడ ఇంకో జానెడు లేచింది.

నిన్ను చూసి గర్వపడే
పెద్దమ్మ

తా.క. స్ప్రింగులు అప్పుడే మార్చకు. ఆఖరి హంప్ దగ్గర రత్నకుమారి నడుములో ఏదో టక్కుమందట. ఆరేళ్ళ నొప్పి పోయింది. ఆవిడా సాక్ష్యం చెప్పింది. శనివారం నడుము నొప్పుల వాళ్ళు ఐదుగురు నీ ట్రక్కు కోసం బస్సెక్కుతున్నారు.