మొదటి బిందె

మంగళవారం, రాత్రి

మనవరాలికి కడుపునొప్పి ఇంకా తగ్గలేదు. పొద్దున మున్సిపాలిటీ ఫిట్టర్ మస్తాన్ వచ్చి, మా ఇంటికొచ్చే కుళాయి పైపు కోసం మురిక్కాలువలో చెయ్యి పెట్టి తడిమాడు. పైపుకు చిల్లి ఉంది.

"నువ్వు మోటరేసి గుంజితే ఈ చిల్లిలోంచి కాలువ నీళ్లు గూడా వస్తాయన్నా."

"అంటే కరెంటు కాల్చి మరీ మురుగు తాగుతాండామా మస్తానూ?" అన్నాను. అతను నవ్వలేదు.

పైపు మార్చేదాకా మోటరు వేయొద్దన్నాడు. మొదటి రెండు బిందెలు పారబోయమన్నాడు. దానికి మా కూతురు లక్ష్మి ఊరుకుంటుందా?

"పారబోసేదానికి ఇది ఏటి గట్టున ఇల్లనుకుంటివా నాయనా?"

నీళ్లు ఎర్రగా వచ్చినా గుడ్డలో వడగట్టుకుని తాగే వీధి మాది. పోయినసారి మా వీధికి నీళ్లొదిలే వంతుకు పట్టినవీ అలాగే తాగాం, పాపతో సహా.

రేపు మళ్లీ మా వంతు. వీధంతా మోటర్లు వేస్తుంది. నేను వేయకపోతే మా కుళాయి గాలి ఊదుతుంది. వేస్తే...

ఇందాక పాప దాహమంటే కాచిన నీళ్లు తాగించి, బిందెలో ఉన్నవన్నీ పెరట్లో ఒంపేశాను. లక్ష్మి గడపలో నిలబడి చూసింది. ఒక్క మాట కూడా తిట్టలేదు. అప్పటి నుంచి పాపను చూస్తే నాకు భయంగా ఉంది.