నలభై ఏడో నంబరు సముద్రం

గురువారం, ప్రోతరాపూర్

అమ్మకి ఆ ఛానల్ పేరు ఎప్పుడూ తెలియదు. నలభై ఏడు అంటుంది, అంతే. నాన్న డాబా మీద ఫ్రీ డిష్ పెట్టించిన కొత్తలో అందులో అన్నీ తిమింగలాలు, పగడాలే. హిందీలో వాటి సంగతులు చెప్పే గొంతుని అమ్మ భయ్యా అనేది. తర్వాత వంటలొచ్చాయి, ఆ తర్వాత దెయ్యాల బంగళాలు. "మన భయ్యాకి ఏం కర్మ పట్టిందే" అని విసుక్కుంటూనే చూసేది.

పోయిన వారం ఆ ఛానల్ మూతపడింది. నేను చెప్పలేదు.

సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి అమ్మ టీవీ ముందు కూర్చుని ఉంది. తెర నిండా నీలం. సిగ్నల్ లేదన్న అక్షరాలు చేపపిల్లల్లా ఈ మూల నుంచి ఆ మూలకి ఈదుతున్నాయి.

"ఛానల్ బంద్ అయిపోయిందమ్మా" అన్నాను చివరికి.

"తెలుసునే. పక్కింటి దీదీ సెప్పింది."

"మరి ఏం చూస్తున్నావు?"

"భయ్యా నీళ్లలోకి దిగాడు గదా. పైకి రానీ."

అది వేళాకోళమో, ఈమధ్య కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తోందే, అలాంటిదో... ఆ నీలి వెలుతురులో మొహం చూసినా తెలియలేదు. అడగడానికి భయమేసి పక్కన కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నామో. వంటింట్లోంచి పాలు పొంగి మాడిన వాసన వచ్చినా ఇద్దరం లేవలేదు.