ఆసుపత్రి వద్దన్నదెవరు?

పట్టణ ప్రణాళిక కార్యాలయంలో ఎవరుంటే వారికి, కోపంతో కూడిన నమస్కారాలు.

మా వీధి చివర ఖాళీగా ఉన్న ఇంట్లో తాగుడు మాన్పించే ఆసుపత్రి పెడతానని ఒక డాక్టరమ్మ మీకు దరఖాస్తు పెట్టింది. కాపురాల వీధిలో ఆసుపత్రికి మీ అనుమతి కావాలట. ఇక్కడ ఒకటే గగ్గోలు! "తాగుబోతులంతా మన గుమ్మాల్లో పడతారు" అంటాడు ఇళ్ల బ్రోకరు. మా గుమ్మంలో ఎప్పట్నుంచో ఒకడు పడే ఉన్నాడండీ. మా అన్నయ్య. చేతులు వణికి చొక్కా గుండీలు పెట్టుకోలేడు, వదిన పెడుతుంది. ఊరవతల ఆసుపత్రికి బయల్దేరదీస్తే బస్టాండు పక్క దుకాణంలో దూరతాడు. "మన వీధిలో పెడితే నా కాళ్లతో నేనే నడిచెళ్తాన్రా" అని నా మీద ఒట్టేశాడు.

వ్యసనం నేరం కాదు, రోగం! కరపత్రంలో చదివాను. వెంటనే అనుమతివ్వండి.

ఇట్లు,
నిప్పులాంటి యువకుడు

తా.క.: ఆసుపత్రి వద్దని వీధివాళ్లు మీకు అర్జీ పెడతారట. ఎవరు రాయాలో తేలక నిన్న జుట్లు పట్టుకున్నారు.

---

నిప్పులాంటి యువకుడికి, గుమాస్తా ఆశీస్సులు.

మీ ఉత్తరం అందినది. సంబంధిత ఫైలులో భద్రంగా చేర్చడమైనది.

విధేయుడు,
గుమాస్తా

తా.క.: మీ సంతకం చూసి అగ్నిమాపక శాఖకి పంపమన్నారు మా ఆఫీసరు. నేనే ఆపాను.

---

గుమాస్తా గారికి, మరింత కోపంతో.

భద్రంగా చేర్చడానికి అదేమన్నా నగా? అన్నయ్య నిన్న రక్తం కక్కాడు. కాస్త తేరుకోగానే వెళ్లి చివరింటి తాళం లాగి చూసొచ్చాడు. నేనే మళ్లీ నాలుగు ఉత్తరాలు రాశాను. వదిన చేత, కుట్టుమిషను పిన్ని చేత, మంగలి బాబాయి చేత కూడా రాయించాను. అన్నీ జతచేశాను.

ఇట్లు,
ఆరని నిప్పు

తా.క.: బ్రోకరు అర్జీ రాశాడు. మొదటి సంతకం ఎవరిదన్న తగువులో అదీ చిరిగిపోయింది. గెలుపు మాదే!

---

యువకుడికి,

వీధి నుంచి తీవ్రమైన అభ్యంతరాలు వచ్చినందున ఆసుపత్రి దరఖాస్తు తిరస్కరించడమైనది.

విధేయుడు,
గుమాస్తా

---

గుమాస్తా!

నమస్కారం కూడా దండగ. ఎవడు రాశాడో చెప్పు. ఇంటికెళ్లి గల్లా పట్టుకుంటాను.

---

బాబూ,

ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. అవి మీ ఉత్తరాలే.

గడువులో వచ్చిన ప్రతి కాగితాన్నీ అభ్యంతరాల ఫైల్లో పెట్టడం మా పద్ధతి. సరేనన్నవాళ్లు ఉత్తరం రాయడం ఈ ఆఫీసు ఎన్నడూ ఎరగదు, వాళ్లకి ఫైలు లేదు. ఆఫీసరు గారు ఫైలు లావు చూస్తారు, విప్పి చూడరు. మీ వీధివాళ్ల నుంచి ఒక్క ముక్క రాలేదు. మీరు ఊరుకుని ఉంటే అనుమతి వచ్చేది.

నేను మాత్రం అన్నీ చదివాను. చదవడం వరకే నా పని.

గుమాస్తా

తా.క.: డాక్టరమ్మ వేరే ఊరు చూసుకుందట. మీ అన్నగారికి ఎలా ఉంది?

---

గుమాస్తా గారికి,

అన్నయ్య నిన్న పొద్దున చివరింటి మెట్ల మీద పోయాడు. ఒట్టు తప్పలేదు, తన కాళ్లతోనే నడిచెళ్లాడు. ఆసుపత్రి రాదని చెప్పే ధైర్యం మాకెవరికీ లేకపోయింది. వదిన లేవకముందే బయల్దేరినట్టున్నాడు, గుండీలన్నీ తప్పు కాజాల్లో ఉన్నాయి.

వీధివాళ్లు సంతాపసభ పెడతారట. ముందు ఎవరు మాట్లాడాలో ఇంకా తేలలేదు.

ఇట్లు,
తమ్ముడు

తా.క.: ఈ ఉత్తరాన్ని కూడా ఆ ఫైల్లోనే పెట్టండి. నేను రాసిన మొదటి అభ్యంతరం ఇదే.